పల్నాటి బడులు – బోధనాభాషా వివాదము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున బడిని గూర్చి ప్రసంగమేల యని కొందరు ప్రశ్నింపవచ్చును. గ్రంథాలయమునకు చదువరులను తయారుచేసి పంపునది బడి. ఆ బడిలో పిల్లవాడు ఏ భాషలో పాఠము వినవలెననెడి ప్రశ్నమీద 2019 మొదలు ఆంధ్రప్రదేశమున తలిదండ్రులకును ఉపాధ్యాయ సంఘములకును నడచిన వాదము సామాన్యమైనది కాదు. శాసనసభ, శాసనమండలి, ఉన్నత న్యాయస్థానము, సర్వోన్నత న్యాయస్థానము – అన్నిటి గడపలను అది త్రొక్కినది. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల పల్లెలలో రచ్చబండలమీదను, మిరప కళ్లములలోను, బస్సుకై నిలిచినచోటను ఆ మాటయే వినబడినది. పల్లె గ్రంథాలయముల బీరువాలలో నున్నవి చాలవరకు తెలుగు పుస్తకములు. రాబోవు తరమున ఆ బీరువాల తలుపు తీయువారెవరను ప్రశ్నయు ఈ వాదములోనే యిమిడియున్నది. కావున ఈ సభకు ఈ విషయము పరాయిది కాదు.

మొదట జరిగినదానిని వరుసగా జ్ఞాపకము చేసికొనుట మంచిది. ఏలయన, ఈ వివాదమున ఉత్తర్వునకును, బిల్లునకును, తీర్పునకును భేదము తెలియక అనేకులు ఒకదానికి బదులొకటి పేర్కొనుచుండిరి. 2019 నవంబరు 5వ తేదీన రాష్ట్ర ప్రభుత్వము 81వ నంబరు ఉత్తర్వును వెలువరించి, 2020–21 విద్యాసంవత్సరమునుండి ప్రభుత్వ, మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు పాఠశాలలన్నిట 1 మొదలు 8 వరకుగల తరగతులను ఆంగ్ల మాధ్యమమునకు మార్చవలెనని నిర్ణయించినది. పదునైదు దినములకే, అనగా నవంబరు 20వ తేదీన, 85వ నంబరు ఉత్తర్వుతో దానిని సవరించి, తొలుత 1 మొదలు 6 తరగతులు మాత్రము మార్చి, ఆపైన ఏటికొక తరగతి చొప్పున పోవలెనని చెప్పినది. తెలుగు గాని ఉర్దూ గాని ఒక పాఠ్యవిషయముగ తప్పక యుండును. గణితము, విజ్ఞానము, సాంఘికశాస్త్రము మొదలగునవి ఆంగ్లమున బోధింపబడును. డిసెంబరులో, 1982 నాటి విద్యాచట్టమును ఇందుకు తగినట్లు సవరించు బిల్లును శాసనసభ ఆమోదించినది. శాసనమండలి, తెలుగు మాధ్యమమును కోరువారికి ఆ యవకాశము నిలుపవలెనని సవరణ సూచించినది. 2020 జనవరిలో శాసనసభ ఆ సూచనను అంగీకరింపక బిల్లును మరల ఆమోదించినది. ఏప్రిల్ 15వ తేదీన ఉన్నత న్యాయస్థానము రెండు ఉత్తర్వులను కొట్టివేసినది. అదే నెలలో ప్రభుత్వము తలిదండ్రుల ఇష్టమును వ్రాతమూలకముగ సేకరించినది. సర్వోన్నత న్యాయస్థానమునకు ప్రభుత్వము అప్పీలు చేయగా, 2020 సెప్టెంబరులో ఆ న్యాయస్థానము ఎదురుపక్షమునకు నోటీసులిచ్చినదే కాని, హైకోర్టు తీర్పును నిలుపుదల చేయలేదు.

శాసనమండలి ప్రస్తావన వచ్చినది గనుక ఒక మాట. రాజ్యాంగపు 171వ అధికరణము ననుసరించి మండలి సభ్యులలో ఇంచుమించు పండ్రెండవ వంతును ఉపాధ్యాయులే యెన్నుకొందురు. పల్నాటి ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు కృష్ణా–గుంటూరు ఉపాధ్యాయ నియోజకవర్గమున ఓటర్లు. తలిదండ్రులకు తలిదండ్రులుగా అట్టి స్థానమొక్కటియు లేదు. తలిదండ్రుల పక్షమువారు ఈ తేడాను గుర్తించిరో లేదో కాని, వాదము నడచిన తీరునకు ఇది చాలవరకు కారణము. ఉపాధ్యాయుల మాట తీర్మానములుగ, విజ్ఞాపనలుగ, మండలిలో ప్రసంగములుగ, కారణములతో సహా వెలువడినది. తలిదండ్రుల మాట ఒక అంకెగా మాత్రమే వెలువడినది. వారికి కారణములు లేక కాదు. ఆ కారణములను వ్రాసికొనువారు లేక.

ఆంగ్ల మాధ్యమము పల్లెకు 2019లో హఠాత్తుగ దిగివచ్చినది కాదు. 2008–09లోనే ఉమ్మడి రాష్ట్రమున సుమారు 6,500 ఉన్నత పాఠశాలలలో ‘సక్సెస్’ అను పేర ఆరవ తరగతినుండి ఆంగ్ల మాధ్యమ విభాగములను తెరచిరి. నాటినుండి ఒకే ఆవరణలో రెండు విభాగములు నడచినవి. ఏ గదిలో పిల్లలు నిండుచున్నారో, ఏ గదిలో తరుగుచున్నారో ఊరివారు కన్నులార చూచుచునే యుండిరి. అంతకు పూర్వమే ప్రైవేటు పాఠశాలల పసుపుపచ్చ బస్సులు నరసరావుపేటనుండి, పిడుగురాళ్లనుండి, మాచర్లనుండి తెల్లవారగనే పల్లెలలోనికి వచ్చి, ఫీజు కట్టగల యిండ్ల పిల్లలను ఎక్కించుకొని పోవుట ఆరంభమైనది. భూవసతి గలవారి పిల్లలు ముందు పోయిరి. తరువాత కొంచెము మిరప పండినవారి పిల్లలు, దుకాణములవారి పిల్లలు, ఉద్యోగుల పిల్లలు పోయిరి. సర్కారు బడిలో మిగిలినవారెవరు? కూలి జనము, సున్నపు బట్టీలలో పనిచేయువారు, మాలమాదిగ పల్లెలవారు, తండాలవారు, చేతివృత్తులవారు – వీరి పిల్లలు. 2019 నాటి ఉత్తర్వు వెలువడినపుడు వివాదము ఈ మిగిలినవారి పిల్లలను గూర్చియే జరిగినది. తక్కినవారు తమ ఇష్టమును అంతకు ముందే బస్సెక్కించియుండిరి.

తలిదండ్రుల వాదమునకు బలమంతయు ఇక్కడనే యున్నది. తెలుగు మాధ్యమము అంత మేలైనదైనచో మేలు కోరిన పెద్దలందరు తమ పిల్లలను దానిలోనే ఏల యుంచలేదని వారడిగిరి. ఈ ప్రశ్నను ముఖ్యమంత్రి కూడ ఆ దినములలో బహిరంగముగ అడిగెను. రాజకీయ నాయకుల నోట అది ఎత్తిపొడుపు మాత్రమే. కాని పల్లెలోని తల్లి అడిగినపుడు అది ఎత్తిపొడుపు కాదు, లెక్క. బడికి తాళము వేసి సాయంకాలము పట్టణమునకు పోవు మాస్టరుగారి పిల్లలు ఏ బడిలో చదువుచున్నారో ఆమెకు తెలియును. ఉపాధ్యాయ సంఘములు దీనికి సమాధానము చెప్పకపోలేదు: ఉపాధ్యాయుడు తన బిడ్డను ఎచ్చట చదివించుననునది అతని స్వవిషయము, విధానమును గూర్చిన వాదము వేరు అని చెప్పినవి. తర్కమున ఇది సరియే. లోకమున చెల్లుబాటు కాలేదు.

మాలమాదిగ పల్లెలలోని తలిదండ్రులకు ఇంకొక కారణము కలదు. దానిని చెప్పుటకు పల్నాటిలోనే ఒక జీవితము సాక్ష్యముగ నున్నది. గుఱ్ఱము జాషువ 1895లో వినుకొండలో జన్మించెను, ఉపాధ్యాయుడుగ పనిచేసెను, తెలుగు పద్యమున ఆయనతో సాటి రాగలవారు ఆ కాలమున అరుదు, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందెను. మాతృభాషలో చదివినవాడు ఎంత యెత్తునకు పోగలడో చూపుటకు తెలుగు పక్షమువారు ఆయనను పేర్కొనవచ్చును. కాని అంతటి కవికి, కులమెరిగినంతనే సభలలోనే అవమానములు కలిగినవన్న విషయము కూడ అందరెరిగినదే. తెలుగు ఎంత బాగుగ వచ్చినను గడప బయటనే నిలువబెట్టిన సంఘమును చూచినవారి మనుమలు, మనుమరాండ్రు, తమ బిడ్డల చేతికి గడప లేని భాషనొకటి ఈయగోరినచో అది వెఱ్ఱి మోజని కొట్టివేయుట న్యాయము కాదు. ఈ కారణముచేతనే పెక్కు దళిత సంఘములు ఆనాడు ఆంగ్ల మాధ్యమమును సమర్థించినవి.

ఇక ఉపాధ్యాయుల పక్షము. ఐక్య ఉపాధ్యాయ సమాఖ్య మొదలగు సంఘములు ఆంగ్లము వలదనలేదు. ఈ మాట మొదట చెప్పవలెను, ఏలయన చాలమంది దానిని మరచిరి. ఆంగ్ల మాధ్యమముతోపాటు తెలుగు మాధ్యమమును సమాంతరముగ నుంచవలెనని, ప్రాథమిక దశలో మాతృభాషకే ప్రాధాన్యమీయవలెనని, ఆంగ్లమును భాషగ గట్టిగ నేర్పవలెనని వారు కోరినది. వారి చేతిలో ఒక కేంద్రచట్టము కలదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ సెక్షనున, బోధనాభాష ఆచరణసాధ్యమైనంతవరకు బాలుని మాతృభాషయే కావలెనని వ్రాయబడియున్నది. 1968, 1986 జాతీయ విద్యావిధానములు ఆ దిశనే చెప్పినవి. 2020 జూలైలో వెలువడిన నూతన జాతీయ విద్యావిధానము కూడ వీలైనచోట కనీసము అయిదవ తరగతి వరకు ఇంటిభాషలోనే బోధన జరుగవలెనన్నది. తెలియని భాషలో తొలి అక్షరములు నేర్చిన పిల్లవాడు పాఠమును అర్థము చేసికొనక కంఠస్థము చేయుననునది గ్రంథములు చూచి చెప్పవలసిన విషయము కాదు. ఒకటవ తరగతి గదిలో ఒక పూట కూర్చున్నవారికి తెలియును.

బోధించువారి సంగతి యేమి? పల్నాటి ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులలో అత్యధికులు తెలుగు మాధ్యమమున చదివి, తెలుగుననే శిక్షణ పొంది, తెలుగుననే సంవత్సరముల తరబడి పాఠము చెప్పినవారు. వారికి కొన్ని దినముల శిక్షణ నిచ్చి, వచ్చు జూన్ నుండి భిన్నములను, కిరణజన్య సంయోగక్రియను ఆంగ్లమున చెప్పుమనుట ఉత్తర్వున ఒక పంక్తి; గదిలో అది నలువది నిమిషముల మౌనము. తమకు చేతకాదని చెప్పుకొనుట ఏ వృత్తివారికిని సులభము కాదు. సంఘములు ఈ సంగతిని శిక్షణ చాలదను మాటతో మర్యాదగ చెప్పినవి.

వారు చెప్పనిది ఒకటి కలదు. బడిలో రెండు మాధ్యమములున్నచో తరగతికి రెండు విభాగములుండును. రెండు విభాగములున్నచో ఉపాధ్యాయ పోస్టులు ఎక్కువ కావలెను. ఒకే మాధ్యమమైనచో విభాగములు కలిసిపోవును. పిల్లల లెక్కననుసరించి పోస్టులు హేతుబద్ధీకరణ పేర తగ్గును. మిగులు తేలిన ఉపాధ్యాయుడు వెల్దుర్తి నుండియో, బొల్లాపల్లి నుండియో ఎక్కడికో బదిలీయై పోవలెను. ఉపాధ్యాయ సంఘము ఉపాధ్యాయుల ఉద్యోగములను కాచుకొనుట తప్పు కాదు. అందుకే సంఘము పెట్టుకొనిరి. కాని ఈ లెక్క లోపల నున్నంతవరకు, మాతృభాషను గూర్చిన వారి వాదము ఎంత సత్యమైనను, ఊరివారు దానిని సగము నమ్మికతోనే వినిరి. లెక్కను బయటపెట్టి, ‘రెండు విభాగములున్నచో మీ బిడ్డకు తరగతిలో చోటు, మాకు పోస్టు రెండును నిలుచును’ అని చెప్పియుండినచో ఏమగునో చెప్పలేము. ఆ మాట బహిరంగముగ గట్టిగ వినబడలేదు.

ఇష్టసేకరణ సంగతి కొంచెము నిదానముగ చూడవలెను. హైకోర్టు తీర్పు వచ్చిన కొలది దినములకే గ్రామ వాలంటీర్లు ఇంటింటికి పోయి, 1 మొదలు 5 తరగతులు చదువు పిల్లల తలిదండ్రులకడ పత్రములు వ్రాయించుకొనిరి. రాష్ట్రమున అట్టి పిల్లలు 17 లక్షలకు పైబడియుండిరి. నూటికి 96.17 మంది తెలుగు తప్పనిసరి పాఠ్యవిషయముగ నుండు ఆంగ్ల మాధ్యమమును కోరిరనియు, 3.05 మంది తెలుగు మాధ్యమమును, 0.78 మంది ఇతర భాషలను కోరిరనియు ప్రభుత్వము ప్రకటించినది. అంతకు ముందే పాఠశాలల తలిదండ్రుల కమిటీలు ఆంగ్ల మాధ్యమమునకు అనుకూలముగ తీర్మానించినవని కూడ ప్రభుత్వము చెప్పియుండెను.

ఈ అంకెను ఎట్లు చదువవలెను? పత్రము పట్టుకొని వచ్చినవాడు నెలనెల పింఛను తెచ్చి యిచ్చువాడు, పథకముల జాబితాలో పేరు వ్రాయువాడు. అమ్మఒడి పథకము క్రింద 15,000 రూపాయలు తల్లుల ఖాతాలలో చేరుట 2020 జనవరిలోనే ఆరంభమైనది. ఇట్టివాని యెదుట, ప్రభుత్వము కోరినదానికి మారుగ టిక్కు పెట్టుటకు ధైర్యము కావలెనని విమర్శకులు చెప్పిరి. ఆ మాటలో నిజము కలదు. కాని నిర్బంధమునకు ఎంత తగ్గించి లెక్కించినను నూటికి తొంబదియారు నూటికి ఏబది కాదు. అడుగకున్నను వారిలో అధికసంఖ్యాకులు ఆంగ్లమునే కోరుదురని పసుపుపచ్చ బస్సులు అంతకు ముందే చెప్పినవి. అసలు లోపము వేరొకచోట నున్నది. పత్రమున అడిగినది ఏ మాధ్యమము కావలెనని మాత్రమే. ఎవరు చెప్పుదురు, వారికి ఆంగ్లమెంత వచ్చును, తరగతికొక ఉపాధ్యాయుడుండునా, ఇంటివద్ద ఆంగ్లము తెలిసినవారు లేని పిల్లవాడు వెనుకబడినచో వానిని పట్టుకొనువారెవరు – ఇవి ఆ పత్రమున లేవు. ధర చెప్పక వస్తువును చూపి కావలెనా యని అడిగినట్లయినది.

న్యాయస్థానముల తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక విచిత్రము కనబడును. కర్ణాటక రాష్ట్రము 1994లో నాలుగవ తరగతి వరకు మాతృభాషలోనే లేక కన్నడముననే బోధింపవలెనని ఉత్తర్వు చేయగా, 2014 మే 6వ తేదీన సర్వోన్నత న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము, మాతృభాషను బలవంతముగ రుద్దుటకు ప్రభుత్వమునకు అధికారము లేదనియు, ప్రాథమిక దశలో బిడ్డ తరఫున భాషను ఎన్నుకొను హక్కు తలిదండ్రులదేయనియు తీర్పు చెప్పినది. అది ఆంగ్ల పక్షమువారి విజయము. ఆరేండ్ల తరువాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, అదే యెన్నిక హక్కు నాధారము చేసికొని, ఆంగ్లమును ఏకైక మాధ్యమముగ చేయుట చెల్లదన్నది. అది తెలుగు పక్షమువారి విజయము. ఒకే కత్తి, పదును రెండువైపుల. ఈ రెండు తీర్పులను శ్రద్ధగ చదివినవారికి తెలియునది, చట్టము ఏ భాషకును పక్షపాతి కాలేదని. తొలగింపరానిదని అది చెప్పినది ఎన్నిక. కాని ఎన్నిక నిజముగ నుండవలెనన్నచో ప్రతి యూర రెండు విభాగములు, రెండింటికి ఉపాధ్యాయులు ఉండవలెను. 2020 మేలో ప్రభుత్వము చేసిన ఏర్పాటులో తెలుగును కోరువారికి మండలమునకొక తెలుగు మాధ్యమ పాఠశాల, అక్కడికి ఉచిత రవాణా. మాచర్ల మండలమున ఒక మూల తండానుండి ఆరేండ్ల పిల్ల మండల కేంద్రమునకు పోయి తెలుగు చదువుకొనవలెననుట ఎన్నిక యని కాగితముమీద వ్రాయవచ్చును.

తండా మాట వచ్చినది. మాతృభాష, మాతృభాష యని ఇరుపక్షములు ఇంత వాదించుకొనుచుండగా, పల్నాటిలో వేలకొలది పిల్లల మాతృభాష తెలుగే కాదన్న సంగతి ఎవరికిని పట్టలేదు. వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి ప్రాంతముల సుగాలి తండాలలో ఇంటిభాష లంబాడీ. నల్లమల అంచున చెంచులు కలరు. పట్టణములలో ఉర్దూ మాటలాడు కుటుంబములు కలవు. తండా పిల్లకు తెలుగు మాధ్యమమే ఒక పరభాషా మాధ్యమము. ఆంగ్లము రెండవ పరభాష. ఉమ్మడి రాష్ట్రమున 2004 ప్రాంతమున ఎనిమిది గిరిజన భాషలలో తొలి తరగతుల బోధన మొదలుపెట్టినపుడు బంజారా భాష అందులో ఒకటిగ నుండెను. ఆ ప్రయత్నమును గూర్చి 2019–20 చర్చలో ఎవ్వరును గట్టిగ ఎత్తలేదు. మిరప కోతల కాలమున కర్నూలు జిల్లానుండి తలిదండ్రులతో వచ్చి చేల గట్లమీద నెలల తరబడి గడపు పిల్లలకైతే ఏ మాధ్యమపు ప్రశ్నయు రాదు.

ఇంటిభాష ఒకటి, ఏలుబడి భాష ఒకటిగ నుండుట పల్నాటికి క్రొత్త కాదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి శాసనములు చాలవరకు ప్రాకృతమున, కొన్ని సంస్కృతమున నున్నవి. ఆ విహారములకు రాళ్లు మోసినవారు ఇంట మాటలాడిన భాష ఆ రాళ్లమీద లేదు. తరువాతి శతాబ్దములలో పారసీకము వచ్చినది, దానివెంట ఇంగ్లీషు వచ్చినది. కరణము కాగితము ఏ భాషలో నున్నదో ఆ భాష తెలిసినవాడే లాభపడెననునది పల్నాటి రైతుకు తాతలనాటి అనుభవము. తలిదండ్రుల పట్టుదలకు ఈ పాత జ్ఞాపకము కూడ మూలమేమో.

వివాదమునుండి అనుకోకుండ ఒక మంచి పని జరిగినది. 2020–21లో పాఠ్యపుస్తకములను రెండు భాషలలో అచ్చువేసిరి – ఎడమవైపు పుటలో ఒక భాష, కుడివైపు పుటలో అదే పాఠము రెండవ భాషలో. శాసనసభ చర్చలలో ఇరుపక్షములవారు హోరాహోరి పోరిన విషయమునకు, ముద్రాపకుడు ఒక పుస్తకమును తెరచిపెట్టి సమాధానము చెప్పినట్లయినది. ఉపాధ్యాయుడు ఆంగ్లపు పుట చదివి, తెలుగు పుటలో అర్థము చూచుకొని, తెలుగున విడమరచి చెప్పును. పిల్లవాడు రెంటిని చూచును. ఇంటవద్ద తెలుగు మాత్రమే చదువ నేర్చిన తల్లి, బిడ్డ ఏమి చదువుచున్నదో తెలిసికొనగలదు. ఇది తెలుగు మాధ్యమమా, ఆంగ్ల మాధ్యమమా యని అడిగినచో ఉత్తర్వులో దానికి పేరు లేదు. గదులలో నడచినది మాత్రము చాలవరకు ఇదియే.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట కేంద్రముగ పల్నాడు జిల్లా యేర్పడినది. అదే సంవత్సరము జూన్ 10వ తేదీన 117వ నంబరు ఉత్తర్వు వచ్చినది. ఒక కిలోమీటరు లోపల నున్న ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలలో కలుపుట, ఉపాధ్యాయ పోస్టులను క్రొత్త లెక్క ప్రకారము సర్దుట, ఒకే మాధ్యమమును పాటించుట దాని సారాంశము. అప్పుడొక వింత జరిగినది. రెండేండ్ల క్రితము ఆంగ్లము కొఱకు ఉపాధ్యాయ సంఘములను తిట్టిన తలిదండ్రులే, జూలై నెలలో బడులు తెరచిన దినములలో రాష్ట్రమంతట బడిగుమ్మముల యెదుట కూర్చుండి, తమ పిల్లలను పంపమనిరి. ఊరిబడిలో మూడవ తరగతి చదువు ఎనిమిదేండ్ల పిల్ల పెద్దరోడ్డు దాటి ఉన్నత పాఠశాలకు పోవలెనన్నది వారి భయము. ఉపాధ్యాయ సంఘములు పోస్టుల భయముతో అదే ఉత్తర్వును ఎదిరించినవి. కారణములు వేరైనను ఈసారి ఇరువురును ఒకే వైపున నిలిచిరి. మాధ్యమము విషయమున తలిదండ్రులు ప్రభుత్వముతోను, విలీనము విషయమున ఉపాధ్యాయులతోను నిలుచుటలో వైరుధ్యమేమియు లేదు. రెండుమార్లును వారు చూచినది తమ బిడ్డనే. 2024లో ప్రభుత్వము మారిన పిమ్మట, 2025 మేలో 117వ ఉత్తర్వును తొలగించి, పాఠశాలల పునర్వ్యవస్థీకరణకు క్రొత్త ఉత్తర్వులిచ్చిరి. వానిమీదను ఉపాధ్యాయ సంఘములు అభ్యంతరములు తెలిపినవి; ఆ వివరములు ఇక్కడ అనవసరము.

2020–21లో ఆరవ తరగతిలో చేరినవారు 2025 మార్చిలో పదవ తరగతి పరీక్ష వ్రాసిరి. ఆ యుత్తర్వుల తొలి పంట వారు. ఆ యేడు ఇంచుమించు 5 లక్షల 64 వేల మంది ఆంగ్ల మాధ్యమమునను, 51 వేల మంది తెలుగు మాధ్యమమునను పరీక్షకు నమోదైరి. ఉత్తీర్ణులు నూటికి 81.14. అంతకు ముందటి యేడు 86.69. ఈ తగ్గుదలకు మాధ్యమమొక్కటే కారణమని చెప్పుట తొందరపాటు. ఆ సంవత్సరమే పదవ తరగతి పాఠ్యపుస్తకములు కూడ మారినవి. ఈ పిల్లలు ఆరవ, ఏడవ తరగతులలో నుండగా కోవిడు వలన బడులు నెలల తరబడి మూతబడినవి. అయినను ఒక మాట చెప్పవచ్చును. ఆంగ్లము పెట్టినంతనే పిల్లలు పైకి వత్తురన్నవారి జోస్యమును గాని, ఆంగ్లము పెట్టినంతనే బడులు కూలునన్నవారి జోస్యమును గాని ఈ అంకెలు నిలబెట్టలేదు. పల్లెబడిలో పిల్లవాడు తెలుగు చక్కగ వ్రాయలేక, ఆంగ్లము చక్కగ చదువలేక పదవ తరగతి దాటుచున్నాడన్న ఉపాధ్యాయుల మాటను మాత్రము తీసివేయుటకు వీలులేదు. గ్రంథాలయములలో తెలుగు కథల పుస్తకము తెరచి, అక్షరములు కూడబలుకుకొనుచు నాలుగవ పంక్తివద్ద మూసివేయు పదునాలుగేండ్ల బాలురను చూచినవారు ఈ సభలో కలరు.

విద్యాహక్కు చట్టమున ఇరుపక్షములకు పనికివచ్చు సెక్షనులు మరికొన్ని యున్నవి. వివాదపు సందడిలో అవి మూలబడినవి. 21వ సెక్షను ప్రకారము పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తలిదండ్రులు, మొత్తము సభ్యులలో సగము స్త్రీలు ఉండవలెను. 22వ సెక్షను ప్రకారము బడి అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే తయారుచేయవలెను. 24వ సెక్షను, తలిదండ్రులతో క్రమముగ సమావేశమై పిల్లవాని హాజరు, చదువు, ప్రగతి తెలుపుట ఉపాధ్యాయుని విధియని చెప్పినది. 26వ సెక్షను, మంజూరైన ఉపాధ్యాయ పోస్టులలో నూటికి పదింటికి మించి ఖాళీ యుంచరాదని చెప్పినది. 27వ సెక్షను, జనాభా లెక్కలు, విపత్తు సహాయము, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయుని వాడరాదని చెప్పినది. మొదటి మూడు తలిదండ్రులు అడుగదగినవి. తక్కిన రెండు ఉపాధ్యాయులు అడుగదగినవి. నిజమునకు ఈ అయిదింటిని ఇరువురు కలిసి అడుగవచ్చును. తన తరగతిగదిలో ఉపాధ్యాయుడుండవలెనన్న తల్లి కోరికకును, ఖాళీలు నింపవలెనన్న సంఘము కోరికకును భేదమేమి?

ఆ చట్టము ముప్పదికి పైబడిన సెక్షనులు గల చిన్న పుస్తకము. ఒక సాయంకాలమున చదువవచ్చును. ప్రతి పల్లె గ్రంథాలయమున దాని తెలుగు ప్రతి యొకటి, ఆంగ్ల ప్రతి యొకటి, దినపత్రికల బల్లమీదనే యుంచి, బడి కమిటీ సమావేశమునకు ముందు దినమున సభ్యులను, ఉపాధ్యాయులను పిలిచి 21వ సెక్షను మొదలు 27వ సెక్షను వరకు బిగ్గరగ చదివించు ఏర్పాటును కార్యవర్గమువారు ఈ రజతోత్సవ సంవత్సరముననే ఆరంభింపవచ్చును. చదువుటకు కమిటీలోని తల్లులలో ఒకరిని కోరినచో మేలు. అర్థము కానిచోట విడమరచుటకు మాస్టరుగారు ప్రక్కనే యుందురు.